అవ్వ కుట్టిన గలేబు

మందమర్రి బొగ్గుగనుల పక్కన మా కాలనీలో గలేబు లేని వస్తువు ఉండదు. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికల్లా బొగ్గు దుమ్ము మళ్లీ పరుచుకుంటుంది. అందుకే టీవీకి, మిక్సీకి, కుట్టుమిషనుకి అన్నింటికీ బట్ట తొడుగుతాం. ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికి నేను కొన్న కంప్యూటర్ స్టోరేజీ డబ్బాకు కూడా అవ్వ పాత చీరతో ఒకటి కుట్టింది, చుట్టూ కుచ్చులు పెట్టి మరీ. నేనూ తెగ మురిసిపోయాను. వెనక ఫ్యాను ఉంటుందని, దానికి గాలి ఆడాలని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఒకరోజు డబ్బా కీచుమని అరిచి ఆగిపోయింది. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. గలేబు లాగేస్తుంటే నాకు అవ్వ పాటలే గుర్తొచ్చాయి. గొంతు ఆపరేషన్ తర్వాత అవ్వకు మాట పోయింది. అంతకుముందు ఆమె పాడిన నాట్ల పాటలన్నీ అందులోనే ఉన్నాయి. రికార్డు చేసిన ఫోను ఎప్పుడో పాడైంది. ఇంకెక్కడా లేవు.

ఫ్యాను విప్పి, చేతిసంచీలో వేసుకుని కరీంనగర్ బస్సెక్కాను. కంప్యూటర్ షాపాయన దాన్ని వేలితో తిప్పి చూశాడు. తిరగలేదు.

"ఏందక్కా, గిందుల దుమ్ము కంటె బట్ట పోగులే ఎక్కువున్నయి!"

"పాటలు పోలేదు గద అన్నా?"

"ఫికర్ జెయ్యకు. కొత్తది బిగించి చూడు. నడిస్తే నడిచినట్టే."

ఫికర్ చెయ్యొద్దంటూనే అలా అంటాడేమిటి మనిషి! దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చాను.

ఇంట్లో అవ్వ టార్చి పట్టుకుంది. గాలి బయటికి పోయేలా బాణం గుర్తు చూసుకుని కొత్త ఫ్యాను బిగించాను. అవ్వ గలేబును చూపించి, తన నుదురు కొట్టుకుంది.

"నువ్వేం జేసినవే అవ్వా? మంచికే గద కుట్టినవ్," అన్నాను.

స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. కాసేపటికి పచ్చ లైటు వెలిగింది. టీవీలో చేతికి తగిలిన మొదటి పాట పెట్టాను. రెండు చరణాలయ్యాక రికార్డులో వెనక నుంచి నా నవ్వు వినిపించింది. పాట ఠక్కున ఆగింది.

"ఏందే, పండ్లికిలిస్తున్నవ్? పాడుమన్నది నువ్వే, నవ్వుడు నువ్వే! గా ఫోను అవతల పారేస్త సూడు!"

ఎన్నాళ్లయిందో ఆ తిట్టు విని! నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ నా వీపు నిమిరి, మళ్లీ పెట్టమని సైగ చేసింది. పాట మొదటి నుంచి పెట్టబోయాను. కాదన్నట్టు తల ఊపింది. ఆమెకు కావలసింది కూడా ఆ తిట్టే.