ఉప్పునీటి అడుగున

గూడూరు నుంచి వాకాడు వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయిని పేరు అడగలేదు. ఏం పని చేస్తావని మాత్రం అడిగాను. అంగారకుడి చుట్టూ తిరిగే ఉపగ్రహం కిందికి రాడార్ తరంగాలు పంపుతుందట. అవి ధ్రువం దగ్గరి మంచులో దూరి, అడుగున నేలను తాకి తిరిగొస్తాయట. అందుకు పట్టిన సమయాన్ని బట్టి మంచు లోతు లెక్కగట్టడం ఆమె పని.

"ఎంత లోతు?"

"రెండు మూడు కిలోమీటర్లు ఉంటాది పెద్దమ్మా."

"రెండా, మూడా?" నాకు సుమారు లెక్కలు సరిపడవు.

ఆమె నవ్వింది. "మీరు మా సారు మాదిరే ఉండారే. ఒక్కోచోట ఒక్కో లోతు."

"అయితే మన సముద్రం అడుగు కూడా కనబడుతుందన్నమాట."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఇంటికొచ్చినప్పుడల్లా మా అమ్మా ఇదే అడగతాది. నాయన వేటకు పోయి తిరిగి రాలా. పడవా దొరకలా. మనిషి దొరికిందాకా బొట్టు తీయనని కూర్చోనుంది. ఉప్పునీళ్లలో ఆ తరంగాలు పైపైనే చచ్చిపోతాయి, లోపలికి పోవు. ఈసారన్నా చెప్పేయాల."

"చెప్పెయ్ పాపా. ఉన్నదున్నట్టు చెప్పడమే మేలు," అన్నాను. నేను జీవితమంతా అలాగే చెప్పాను.

వాకాడులో ఇద్దరం దిగాం. నుదుట రూపాయంత బొట్టుతో ఒకావిడ ఎదురొచ్చి, బిడ్డ చేతిలోని సంచి అందుకుంటూనే అడిగింది.

"కనపడినాడా మీ నాయన?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"ఇంకా చూస్తా ఉండామమ్మా," అంది.