చిక్కటి టీతో వేసిన మాత్ర

మెట్ల కింద ఉన్న ఆ టీ కొట్టు పెద్దమ్మకి వీధిలో తెలియని సంగతి లేదు. ఎవరు ఎవరితో మాటలు మానేశారో, ఎవరింట్లో కోడలు అలిగిందో, గ్లాసు చేతికిస్తూనే ఆరా తీసేస్తుంది. తన ఒడిలో పెరిగిన మనవరాలి సంగతే ఆవిడ కంటికి ఆనలేదు.

మనవరాలికి పదేళ్ళు. తల్లి బట్టల మిల్లులో పొద్దుటి షిఫ్టుకి వెళ్ళిపోతుంది గనక పిల్ల ఆలనా పాలనా అమ్మమ్మదే. నిరుడు స్కూలు పరుగుపందెంలో అందరికంటే ముందున్న పిల్ల, ఈ ఏడు కొట్టు మీదున్న ఇంటికి ఎక్కడానికే ఆపసోపాలు పడేది. మెట్ల మలుపు రాగానే కూర్చుని, ఆయాసం తగ్గేదాకా బూటు లేసు కట్టుకునేది.

"ఏమే, ఆ లేసు రోజూ అక్కడే ఊడుతుందా? నత్త కూడా నీకంటే నయమే," అనేది పెద్దమ్మ.

టీ తాగుతున్న వాళ్ళంతా నవ్వారు. పేరు అతుక్కుపోయింది. "పెద్దమ్మా, మీ నత్త చీకటి పడేలోగా పైకి చేరుతుందంటావా?" అని ఆటో డ్రైవరు రోజూ ఎగతాళి చేసేవాడు. పిల్ల తల దించుకుని ముడి మీద ముడి వేసుకునేది.

స్కూలుకి వచ్చే నర్సు రక్తం పరీక్ష చేసి, ఒంట్లో ఐరన్ తక్కువైందనీ రక్తం పలచబడిందనీ చెప్పి మాత్రలిచ్చింది. నీళ్ళతో వేస్తే పిల్ల డోకుకునేది. పెద్దమ్మ మనసు ఊరుకోలేదు. మొదటి డికాషనుతో చిక్కటి టీ కలిపి, పంచదార రెండింతలు వేసి, దానితో మింగించేది.

"టీతో వద్దన్నారు అమ్మమ్మా," అంది పిల్ల మొదటిరోజునే.

"ఆవిడకి టీ పెట్టడం వస్తే ఆ మాట అనదులే. మింగు."

పిల్ల మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

స్కూలు పరుగుపందెం జట్టుకి పిల్లల్ని ఎంచే రోజున సగం దూరం పరిగెత్తి, గుండె దడదడలాడుతుంటే గ్రౌండు మధ్యలోనే కూలబడింది. దాని చోటు ఇంకొకరికి వెళ్ళింది. రెండోసారి చేసిన పరీక్షలోనూ రక్తం అంతంతమాత్రమే. పెద్దమ్మకి ఒళ్ళు మండి స్కూలుకే వెళ్ళింది.

"మాత్రలిచ్చారా, సుద్దముక్కలిచ్చారా మీరు? ఒక్క పూట తప్పితే ఒట్టు. నా చేతి టీతో వేస్తున్నాను."

నర్సు రాస్తున్న కలం ఆపింది. "టీతోనా పెద్దమ్మా? టీ ఐరన్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఎంత చిక్కనైతే అంత అడ్డు. పాపకి చెప్పానే, మీతో అనలేదా?"

"మొదటిరోజే చెప్పింది," అని మెల్లిగా అంది పెద్దమ్మ. వీధి మొత్తాన్ని నిలదీసే నోరది.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. మాత్రకి ముందూ వెనకా రెండేసి గంటలు టీ బంద్. నిమ్మరసం పిండిన నీళ్ళతో మాత్ర. డోకు వస్తే నర్సు చెప్పినట్టు కాస్త తిన్నాక. కొన్ని నెలలకి కింది రెప్ప లోపల ఎర్రదనం కనబడింది. రక్తం సరిపోయినా, ఒంట్లో ఐరన్ నిలవ పడాలని నర్సు ఇంకొన్నాళ్ళు వేయమంది. పెద్దమ్మ వేసింది. పందెం మాత్రం ఎప్పుడో అయిపోయింది.

ఒక సాయంత్రం పిల్ల బ్యాగుతో రివ్వున వచ్చి మెట్లెక్కుతోంది.

"ఓ నత్తా, ఏంటే ఆ స్పీడు?" అన్నాడు డ్రైవరు.

"ఆ పేరు ఎత్తకు," అంది పెద్దమ్మ.

"బాగుంది, నువ్వు పెట్టిన పేరేగా."

పెద్దమ్మ స్టవ్వు తగ్గించి మెట్ల దగ్గరికి వెళ్ళింది. "రెండోసారి ఎందుకు చెప్పలేదే నాకు, టీతో వద్దని?"

"తిడతావుగా," అంది పిల్ల మామూలుగా. కోపం కూడా లేదు ఆ గొంతులో.

నాలుగు మెట్లెక్కి, మలుపు రాగానే కింద అందరూ చూస్తున్నారేమోనని ఓసారి తొంగిచూసి, కూర్చుని లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది. ఆయాసం లేదు. ముడీ ఊడలేదు. కింద టీ పొంగి స్టవ్వు మీద పడుతున్నా పెద్దమ్మ అక్కడినుంచి కదల్లేదు.