ముందా, వెనకా

నాలుగు చక్రాలూ లాగే కార్లలో లోపం పట్టడానికి మా అన్నయ్య స్టీరింగు పూర్తిగా తిప్పి, తన మెకానిక్ షెడ్డు వెనక ఖాళీ స్థలంలో నెమ్మదిగా గుండ్రంగా నడిపేవాడు. "నోళ్లు మూయండర్రా, బండి మాట్లాడుతోంది!" అని అందర్నీ కసిరేవాడు. చప్పుడు ముందునుంచా, వెనకనుంచా అన్నది చెవితోనే తేల్చేవాడు.

అన్నయ్య పోవడానికి ఏడాది ముందు, బాగుందని పంపేసిన కారొకటి మర్నాడే తిరిగొచ్చింది. క్యారేజీ తెచ్చిన వదినని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ తిప్పాడు. నేను వెనక సీట్లో ఉన్నాను.

"వెనక టకటకమంటోంది కదండీ! చెవుల్లో దూది పెట్టుకున్నారా?" అని వదిన నవ్వింది.

అన్నయ్య బండి ఆపాడు. "నాకేమీ వినపడట్లేదే," అన్నాడు.

వదిన నవ్వు ఆగిపోయింది. "ఇంకోసారి తిప్పండి, నేను చెబుతాను," అంది.

ఆ తర్వాత ఆయన ఒక్కడే ఏ బండినీ తిప్పలేదు.