ఎత్తు హ్యాండిల్ కోసం వెళ్తే

మా ఆయన ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతారు. రోజంతా వంగి పని చేసి, ఇంటికి సైకిల్ మీద కూడా వంగే రావాలి. హ్యాండిల్ ఎత్తుగా ఉంటే నడుముకు సుఖమని ఈరోజు ఆయన్ని నంద్యాల సైకిల్ షాపుకు తీసుకెళ్లాను. పైకి లేచి, తొక్కేవాళ్ల వైపు వంపు తిరిగిన హ్యాండిల్ ఒకటి నచ్చింది. అది బిగించిన సైకిల్ మీద ఆయన నిటారుగా కూర్చుంటే మనసులోనే దేవుడికి దండం పెట్టుకున్నాను.

"బ్రేకులు పట్టి చూడన్నా," అన్నాడు షాపతను.

కుడి చెయ్యి పట్టింది. ఎడమ చేతి వేళ్లు ముడుచుకోలేదు.

"ఏందన్నా, చెయ్యి ఇట్లుండాది?"

"చలికి లేప్పా," అన్నారు ఈయన. ఫ్యాను కింద కూడా అందరికీ చెమటలు కారుతున్నాయి.

ఉలి పట్టేది ఆ చేత్తోనే. నాకెందుకు చెప్పలేదని బస్సులో మెల్లగా అడిగాను.

"చెప్తే పని మాన్పిస్తావ్ మే. అమ్మవారికి ఇంగా కండ్లు పెట్టలా."

ఆయన ఇప్పుడు చెక్కుతున్నది అమ్మవారి విగ్రహం, కళ్లు చివరనే చెక్కుతారు. అవి పూర్తయ్యాకే ఆసుపత్రికి వస్తారట. హ్యాండిల్ కొనకుండానే వచ్చేశాం. ఇప్పుడు దీపం పెట్టి కూర్చున్నాను. అమ్మవారికి కళ్లు పూర్తి కావాలని మొక్కుకోవాలా, ఈయన ఉలి పక్కన పెట్టాలని మొక్కుకోవాలా? మీరైతే ఏమని మొక్కుకుంటారు?