మావయ్య మొదట్నుంచీ చెబుతాడు

మావయ్యకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏది అడిగినా మొదట్నుంచీ చెబుతాడు. తను పుట్టిన దగ్గర్నుంచి అయితే ఎలాగో పళ్ల బిగువున భరించవచ్చు. ఆయన మొదలెట్టేది ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టిన దగ్గర్నుంచి. టైమెంతయిందని అడిగిన పాపానికి, "మొదట్లో ఇక్కడ తాళ్ల ఫ్యాక్టరీ ఉండేది" అని ఎత్తుకుంటాడు. ఫ్యాక్టరీకి సైరను ఉండేది, సైరను మోగగానే పనివాళ్లు వెనకున్న ఖాళీ స్థలంలో బంతి తన్నుకునేవారు, ఆ సైరను చెడిపోయాకే మైదానంలో గడియారం పెట్టారు. ఆ గడియారంలో ఇప్పుడెంతయిందో చెప్పేసరికి, అడిగినవాడు ఎక్కాల్సిన బస్సు పక్క ఊరు చేరి ఉంటుంది.

ఈ జబ్బు వల్ల అందరికంటే ఎక్కువ బాధపడింది ఆయన మేనకోడలు. మావయ్య ఆ క్లబ్బులో కిట్‌మ్యానుగా చేసి రిటైరయ్యాడు. అంటే ఆటగాళ్ల చొక్కాలు ఉతికించడం, బూట్లు తుడవడం, బూట్ల కింద, నేల మీద జారకుండా పట్టునిచ్చే మేకుల్లాంటి స్టడ్లు బిగించడం ఆయన పని. మేనకోడలు బాగా చదువుకుని, ఇంకెక్కడా ఉద్యోగాలే లేనట్టు, అదే క్లబ్బులో సెక్రటరీగా చేరింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని వాళ్లమ్మ అప్పుడే చెప్పింది. రిటైరైన మనిషి ఇంటిపట్టున ఉంటాడని అమ్మాయి ధైర్యం. ఆయన మర్నాడు కూడా ఎప్పటి వేళకే వచ్చి, ఆమె గదిలో ఎదురు కుర్చీలో సెటిలైపోయాడు.

ఒకసారి ఇస్త్రీ గదిలో చొక్కాల కుప్పకు నిప్పంటుకుంది. ఆమె పరుగున వచ్చి నీళ్ల గొట్టం ఎక్కడుందని అడిగింది. ఆ గొట్టం వెనక పెద్ద కథ ఉందని, మొదట్లో ఇక్కడ తాళ్ల ఫ్యాక్టరీ ఉండేదని మావయ్య అందుకున్నాడు. ఆమె బకెట్లతో నీళ్లు పోసి, మంట ఆర్పి, కాలిన చొక్కాలు బయట పడేసి తిరిగొచ్చేసరికి ఆయన క్లబ్బు రెండో అధ్యక్షుడి హయాంలో ఉన్నాడు. గొట్టం ఇంకా కొననే లేదు.

పళ్ల డాక్టరు ఆయన్ని నోరు తెరవమన్నాడు. తెరిచిన నోటిని ఊరికే ఉంచడం మావయ్య వల్ల అయ్యే పని కాదు. దూదీ పట్టకారూ నోట్లో ఉండగానే, గొణుక్కుంటూ మొదటి గ్యాలరీ కట్టడం దాకా లాక్కొచ్చాడు. డాక్టరు చేతికందిన పన్ను పీకి పంపించాడు. "ఏ పన్నయితేనేం, మనిషి లేచి వెళ్తే చాలనిపించిందండీ" అని తర్వాత ఆ డాక్టరే సెక్రటరీ దగ్గర మొరపెట్టుకున్నాడు.

అత్తయ్యది ఇంకో గోడు. కాపురానికొచ్చిన మొదటి రోజు ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగిందట. పొయ్యి మీద కూర మాడింది గానీ డబ్బా జాడ తెలియలేదు. అప్పట్నుంచి ఆవిడ ఏదీ అడగదు, వెతుక్కుంటుంది.

ఆయన చెప్పే చరిత్ర వినడానికి బాగానే ఉంటుంది, మొదటిసారి. తాళ్ల ఫ్యాక్టరీ పనివాళ్లు తమ తాళ్లతోనే గోలు వలలు అల్లుకున్నారు. అవెంత బిర్రుగా ఉండేవంటే, బంతి వలకు తగిలి అంతే వేగంగా మళ్లీ మైదానంలోకి వచ్చిపడేది. గోలు పడిందో లేదో తేల్చలేక రిఫరీలు తలలు పట్టుకునేవారు. మైదానం ఒకవైపు వాలు. టాస్ గెలిచినవాళ్లు పల్లానికి ఆడి మొదటి సగంలోనే పని ముగించుకునేవారు. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, క్లబ్బు మిగిలింది. ఆటగాళ్లకు జీతాలొచ్చాయి, చెక్క గ్యాలరీ పోయి సిమెంటుది వచ్చింది, జట్టు కింది డివిజన్ నుంచి పై డివిజన్‌కు ఎక్కింది. ఎక్కిన సంబరంలో కొత్త ఎర్ర చొక్కాల్నీ తెల్ల చొక్కాల్నీ కలిపి ఉడకబెట్టించింది మావయ్యే. ఆ సీజనంతా జట్టు గులాబీ రంగులో ఆడింది. ఆ సంగతీ గర్వంగానే చెబుతాడు.

అసలు తంటా ఆ తర్వాత వస్తుంది. పై డివిజన్‌లో నిలవాలంటే ఒక ఏడు చివరి మ్యాచిని డ్రా చేసుకుంటే చాలు. ఆ రోజు వర్షం. ఆట ముగుస్తుందనగా జట్టులోని కుర్ర డిఫెండరు కాలు జారి, బంతిని సొంత గోలులోకే కొట్టాడు. సెల్ఫ్ గోల్. క్లబ్బు కిందికి పడిపోయింది. కథ ఇక్కడికి రాగానే మావయ్య గుండె మీద చెయ్యి వేసుకుంటాడు. తప్పు ఆ కుర్రాడిది కాదు, తనది. తడి నేల మీద జారకుండా పొడుగు స్టడ్లు బిగించాలి. తను మర్చిపోయి పొట్టివి బిగించాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్లను చూశాం గానీ, ఎవరూ అడక్కుండానే వీధివీధినా భుజాలు చూపిస్తూ తిరిగే దొంగ ఈయనొక్కడే. ఆ ఊళ్లో పోస్ట్‌మ్యానుకు కూడా ఏ నేలకు ఎంత స్టడ్డో తెలుసు.

ఊరంతా నమ్మింది. ఆ కుర్ర డిఫెండరు తర్వాత కెప్టెనయ్యాడు, క్లబ్బును మళ్లీ పై డివిజన్‌కు తెచ్చాడు, ఆట మానేశాక మైదానానికి ఎదురుగా బేకరీ పెట్టుకున్నాడు. ఇప్పటికీ అందరికీ ఆయన కెప్టెన్‌గారే. ఆయనకు మాత్రం మావయ్య మీద కోపం చల్లారలేదు. మావయ్య రొట్టెకు వెళ్తే, ట్రేలన్నీ వెతికి అడుగు మాడినదే ఏరి చేతిలో పెడతాడు. మావయ్య దాన్ని మహా భాగ్యంలా ఇంటికి తెస్తాడు. అత్తయ్య ఇన్నేళ్లుగా మాడు గీకుతూనే ఉంది.

అందరికంటే మేనకోడలికి ఆ స్టడ్ల కథంటే ఒళ్లు మంట. బళ్లో ఆమెకు సొంత పేరంటూ లేదు. క్లబ్బును ముంచినాయన మేనకోడలు అనేవారు. ఆటల పీరియడ్‌లో జారిపడితే చాలు, మీ మావయ్య బిగించాడా అని అడిగేవారు. ఈ మనిషి ఒక్క ఏడాది నోరు మూసుకుంటే లోకం మర్చిపోయేది కదా అని ఆమె లోలోపల ఉడికిపోయేది.

ఈ ఏడు క్లబ్బు అధ్యక్షుడు ఒక చరిత్ర గది కట్టించాడు. గోడల మీద ఏం రాయాలో సెక్రటరీ తేల్చాలి, ప్రారంభం శనివారం, ముఖ్య అతిథి కెప్టెన్‌గారు. ఆమె జరిగింది జరిగినట్టు క్లుప్తంగా రాసింది. ఆ మ్యాచి దగ్గర డిఫెండరు పేరు వేసి, కాలు జారి సెల్ఫ్ గోల్ అని ఒక్క ముక్కలో ముగించింది. మావయ్య ఊసే ఎత్తలేదు. ఇన్నాళ్లకు కుటుంబం పరువు గట్టెక్కిందని ఆమె సంతోషం. మావయ్య వచ్చి అది చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఆ పేరు తీసెయ్ అమ్మడూ. కిట్‌మ్యాన్ పొరపాటు వల్ల అని రాయి."

"మావయ్యా, ఆ మాట పడలేక నేను బడి మానేద్దామనుకున్నాను. ఇప్పుడు నా చేత్తోనే గోడకెక్కించమంటావా?"

"కాస్త పెద్ద అక్షరాల్లో రాయి. వెనక నిలబడ్డవాళ్లకు కూడా కనబడాలి."

ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. గోడకెక్కాలని అందరికీ ఉంటుంది, తిట్లతోనైనా సరే ఎక్కాలనే పిచ్చి ఈయనకే పట్టింది అనుకుంది. రాయనంటే రాయనంది. ఆయన అలిగి, టీ తాగొస్తానని బయటికి నడిచాడు.

ఆ కోపంలోనే ఆమె చరిత్ర గదిలోని గాజు బీరువా సర్దడం మొదలెట్టింది. ఆ మ్యాచినాటి బూట్లు అందులో ఉన్నాయి. తన తప్పుకు సాక్ష్యమని మావయ్యే వాటిని భద్రంగా పెట్టాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వడు, దుమ్ము కూడా తనే ఊదుతాడు. ముట్టుకుంటే చరిత్ర చెరిగిపోతుందంటాడు. చెరిగిపోతే పీడా పోతుందని ఆమె ఒక బూటు విసురుగా తీసి తిరగేసింది. ఎండిపోయిన పాత మట్టిలోంచి స్టడ్లు కనబడుతున్నాయి. అన్నీ పొడుగువే. రెండో బూటూ తిరగేసింది. అవీ పొడుగువే. తడి నేలకు బిగించాల్సినవే, బిగించాల్సినట్టే బిగించి ఉన్నాయి.

మావయ్య రెండు టీ గ్లాసులతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె బూటు అరికాలు ఆయన వైపు తిప్పింది.

"ఇవేంటి మావయ్యా?"

తాళ్ల ఫ్యాక్టరీ కోసం ఆమె సిద్ధపడి నిలబడింది. ఫ్యాక్టరీ రాలేదు.

"పొడుగు స్టడ్లు" అన్నాడు మావయ్య.

అంతే. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఇంత చిన్న జవాబు ఆమె వినలేదు. ఒంట్లో బాగాలేదేమోనని భయపడి కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టింది. అప్పుడు చెప్పాడు, అది కూడా మధ్యలోంచే. ఆ సాయంత్రం జనం ఆ కుర్రాడి ఇంటి కిటికీలు పగలగొట్టారు. కుర్రాడు బ్యాగు సర్దుకుని, బూట్లు మావయ్య చేతిలో పెట్టి, ఇక బంతి ముట్టను, ఈ ఊళ్లో ఉండను అన్నాడు. వాడి మొహం చూడలేక మావయ్య నోటికొచ్చింది అనేశాడు. తప్పు నాదిరా, స్టడ్లు పొట్టివి పడ్డాయి అన్నాడు. కుర్రాడు నమ్మేశాడు. ఆయన్ని నానా తిట్లూ తిట్టి, బ్యాగు విప్పేశాడు. మర్నాటి నుంచి వీధిలో కూడా అదే చెప్పాల్సి వచ్చింది.

"వాడికి తిట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలమ్మడూ. తనను తాను తిట్టుకుంటూ ఎవడు మాత్రం ఆడగలడు?"

నాలుగు రోజులు చెప్పి ఊరుకోవచ్చు కదా అని ఆమె నిలదీసింది. ఊరుకుంటే ఎవడో ఒకడు బూట్లు తిప్పి చూపించమంటాడట. మొదట్నుంచీ చెప్పుకొస్తే ఆ గోలు దగ్గరికి చేరేసరికి అడిగే ఓపిక ఎవరికీ మిగలదట. మరి అత్తయ్య ఉప్పు డబ్బా సంగతేమిటని అడిగితే, తల గోక్కుని, అప్పటికే అలవాటైపోయిందన్నాడు.

"అది సరే. ఇన్నేళ్లలో నాలుగు పొట్టి స్టడ్లు మార్చి బిగించడానికి నీకు తీరిక దొరకలేదా?"

మావయ్య నొచ్చుకున్నాడు. "ఆ రోజు మట్టి ఇంకా అంటుకునే ఉంది వాటికి. చరిత్రలో చెయ్యి పెట్టమంటావా? తప్పు కదూ."

అబద్ధం ఊరంతా చెప్పవచ్చు గానీ స్టడ్డు మార్చడం మాత్రం తప్పట. ఈ మనిషిని చూసి నవ్వాలో ఏడవాలో ఆమెకు పాలుపోలేదు. కెప్టెన్‌గారికి తెలుసా అని అడిగింది.

"తెలిస్తే మాడిన రొట్టె ఇస్తాడా?" అన్నాడు మావయ్య.

శనివారం చరిత్ర గది కిటకిటలాడింది. గోడ మీద 'కిట్‌మ్యాన్ పొరపాటు వల్ల' అన్న మాటలు వెనక నిలబడ్డవాళ్లకు కూడా కనబడేంత పెద్దగా ఉన్నాయి. చిన్నప్పటి తోటివాళ్లు ఇద్దరు ముగ్గురు వాటిని చూసి ఆమె వైపు చూశారు. ఆమె తల తిప్పుకోలేదు. కెప్టెన్‌గారు రిబ్బను కత్తిరించి, అటూ ఇటూ చూడకుండా తిన్నగా గాజు బీరువా దగ్గరికి నడిచారు.

"నా బూట్లే. ఒక్కసారి తిప్పి చూపించమ్మా. నన్ను జారగొట్టిన ఆ పొట్టి స్టడ్లను కళ్లారా చూసుకోవాలి."

మూల నిలబడ్డ మావయ్య నోరు తెరిచాడు. తాళ్ల ఫ్యాక్టరీ కాదు కదా, తాడు ముక్క కూడా బయటికి రాలేదు. బీరువా తాళంచెవి సెక్రటరీ చేతిలో ఉంది. ఆమె దాన్ని మెల్లగా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, కెప్టెన్‌గారిని చెయ్యి పట్టుకుని గుమ్మం పక్కనున్న మొదటి గోడ దగ్గరికి నడిపించింది.

"తప్పకుండా చూపిస్తాను కెప్టెన్‌గారూ. కానీ మొదట్నుంచీ వస్తేనే ఆ బూట్ల విలువ తెలుస్తుంది. మొదట్లో ఇక్కడ తాళ్ల ఫ్యాక్టరీ ఉండేది."

వలల గురించి చెప్పింది, బంతి ఎగిరి వచ్చిపడడం చెప్పింది, మైదానం వాలు చేత్తో చూపించింది. రెండో అధ్యక్షుడి దగ్గర కెప్టెన్‌గారు కాళ్లు మార్చి నిలబడ్డారు. నీళ్ల గొట్టం కొనేసరికి వాచీ చూసుకున్నారు. గులాబీ చొక్కాల దాకా వచ్చాక, పొయ్యిలో రొట్టెలున్నాయి తల్లీ, బూట్లు ఇంకోసారి చూస్తానని చెప్పి, దారి చేసుకుని బయటపడ్డారు.

మావయ్య మెల్లగా ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు సర్దుకున్నాడు. ఏదో పెద్ద మాటే అంటాడని ఆమె ఎదురుచూసింది.

"అంతా బాగానే చెప్పావు గానీ అమ్మడూ, సైరను సంగతి వదిలేశావు."