రోహిణి కార్తెలో పేరుకున్న కొబ్బరినూనె

నా చిన్నప్పుడు మా నాచారంలో రోహిణి కార్తెలో కూడా స్వెటర్లు వేసుకునే ఆడవాళ్ళు ఉండేవారు. రోళ్ళు పగిలే ఎండలో, తలకు మఫ్లర్లు చుట్టుకుని, ఐస్‌క్రీం ఫ్యాక్టరీ గేటులోంచి బయటికి వచ్చేవారు. ఉప్పల్ బస్సు కోసం నిలబడ్డవాళ్ళు వింతగా చూసేవారు. మేం పిల్లలం వాళ్ళ వెనకే వణుకుతున్నట్టు నటిస్తూ నడిచేవాళ్ళం. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు కదా, ఆ కాకుల్లో పెద్ద కాకిని నేనే.

మా నాయన ఆ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. పక్కింటి అక్క ఆయన కిందే ప్యాకింగ్‌లో పనిచేసేది. గడ్డకట్టిన కప్పులను ఉత్త చేతులతో అట్టపెట్టెల్లో సర్దాలి. పక్కనే కోల్డ్‌రూం. ఎండాకాలం లారీల రద్దీలో దాని తలుపు మూసేదే లేదు. చలిగా ఉందని ఎవరన్నా అంటే, గది వేడిని కొలిచే మీటర్ ఇరవై ఏడు డిగ్రీలు చూపిస్తోంది కదా అని నాయన అనేవాడట.

ఆ సెలవుల్లో ఒక సాయంత్రం నేను అక్క వాళ్ళింట్లో కూర్చున్నాను. షిఫ్టు నుంచి వచ్చీ రాగానే పొయ్యి ముట్టించి, అన్నం ఉడికాక మసిగుడ్డ లేకుండానే గిన్నె దించింది. నాకు భలే ముచ్చటేసింది. అదేదో గొప్ప విద్య అనుకుని, ఇంకోసారి చేసి చూపించమని బతిమాలాను. అక్క నవ్వి గిన్నెను మళ్ళీ పట్టుకుంది. ఈసారి కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.

తోలు కాలిన వాసన ముందు నాకే తగిలింది. నేను కేక పెడితే గిన్నె వదిలేసి చెయ్యి తిప్పి చూసుకుంది. వేళ్ళ చివర్లన్నీ బొబ్బలెక్కి ఉన్నాయి. ఆ చెయ్యి ఇంకెవరిదో అయినట్టు చూస్తూ, "సురుకు గూడ తెలుస్తలేదేందే" అంది. రెండోసారి పట్టుకోమని అడిగింది నేనే.

అక్క ఆ చెయ్యి తీసుకెళ్ళి మా నాయనకు చూపించింది. ఆయన తల వంచుకున్నాడు గానీ మళ్ళీ మీటర్ మాటే చెప్పాడు. ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం షిఫ్టు దిగి, చేతికి కట్టుతోనే నేరుగా మా ఇంటికి వచ్చింది. చంకలో తువ్వాలు చుట్టిన సీసా ఉంది. "అన్నా, బిడ్డ తలకు జర నూనె వెడ్తా" అని నన్ను నాయన ఎదురుగానే కూర్చోబెట్టింది. తువ్వాలు విప్పి సీసా బోర్లించింది. ఒక్క చుక్క పడలేదు. ఊరంతా కొబ్బరినూనె నీళ్ళలా పారే రోజుల్లో ఆ సీసాలో తెల్లగా పేరుకుపోయి ఉంది.

"పొద్దుగాల మంచిగనే ఉండె. ప్యాకింగ్ల నా స్టూల్ కింద వెట్టుకున్న" అంది అక్క. "నీ మీటర్ ఇర్వై ఏడు జూపెడ్తున్నది. నూనెకు మీటర్ సదువరాదు గదన్నా."

వంటింట్లోంచి మా అమ్మ వచ్చింది. "ఆ మీటర్ యాడున్నది?" అని అడిగింది.

నాయన ఆ సీసాను అటూ ఇటూ తిప్పి చూసి చెప్పాడు. "కోల్డ్‌రూం గోడకు ఆనుకొని ఉన్న క్యాంటీన్ల. చాయ్ పొయ్యి పక్కన. సేటు పెట్టుమన్నడు, నేనే పెట్టిన."

మీటర్ పనిచేసే చోటే ఉండాలని, అక్కడివాళ్ళు చలికి పాడవకుండా చూసుకోవాల్సింది యజమాని అయిన సేటేనని ఆయనకు తెలుసు. తనిఖీకి వచ్చే ఆఫీసరుకు ఎక్కువ అంకె చూపించడానికే దాన్ని పొయ్యి పక్కన పెట్టారు. నేను ఒక్కసారి తుమ్మితే లేచి ఫ్యాను ఆపే మనిషి మా నాయన.

మర్నాడు పొద్దున్నే ఆయన మీటర్ తీసుకెళ్ళి ప్యాకింగ్ గదిలో తగిలించాడు. అది ఎనిమిదికి దిగింది. సేటు తిట్టాడు, పనిలోంచి తీసేస్తానన్నాడు. ఆఫీసరుకు తానే చూపిస్తానని నాయన అక్కడే నిలబడ్డాడట. వారం తిరగకముందే కోల్డ్‌రూం తలుపుకు తెర వచ్చింది, గ్లౌజులు వచ్చాయి, స్టూళ్ళ దగ్గర చిన్న హీటర్ పెట్టారు. పనివాళ్ళను ఒళ్ళు వెచ్చబడేందుకు గంటకోసారి బయటికి పంపడం మొదలైంది. సేటు మాత్రం నాయనతో మళ్ళీ సరిగా మాట్లాడలేదు.

చలికి మొద్దుబారిన అక్క వేళ్ళకు మాత్రం స్పర్శ తిరిగి రాలేదు. దవాఖానాలో మందులిచ్చారు, ఓపిక పట్టమన్నారు, అంతే.

తరవాతి ఏడు ఆమెకు పాప పుట్టింది. రోజూ పొద్దున గోడ అవతలి నుంచి పిలుపు వచ్చేది. "బిడ్డా, జరొచ్చి నీళ్ళు ముట్టి సూడు. ఎంత వేడున్నయో నాకు ఎర్కైతలేదు." మోచెయ్యి పెట్టి చూసుకోరాదా అని ఎవరో అంటే, ఇంక నా ఒంటిని నేను నమ్మనని చెప్పింది. పదేళ్ళ నేను పరుగెత్తుకెళ్ళి బకెట్‌లో చెయ్యి పెట్టి, చాలక్కా అంటేనే పాప మీద చెంబుడు నీళ్ళు పడేవి. ఆ పిలుపు వినపడగానే మా నాయన చాయ్ గ్లాసు కింద పెట్టి వీధిలోకి వెళ్ళిపోయేవాడు. ఆ స్నానం అయ్యేదాకా ఇంట్లోకి వచ్చేవాడు కాదు.

పెద్దయ్యాక నేను నాచారంలోనే ఒక మందుల గోదాములో, చల్లటి గదిలో పనిచేసే అమ్మాయిలకు సూపర్‌వైజర్‌గా ఉండి రిటైరయ్యాను. కొత్తగా వచ్చిన పిల్లలు వారం పది రోజులకే, "చలేం లేదు మేడం, అలవాటైపోయింది" అనేవారు. మిగతావాళ్ళు శభాష్ అనేవారు. నేను మాత్రం ఆ పిల్ల చేతిలో పని లాగి పక్కన పెట్టి, రెండు చేతులూ పట్టుకుని, ఒక్కో వేలూ నొక్కి, తెలుస్తోందా అని అడిగేదాన్ని. ఇప్పటికీ ఎవరైనా నొప్పి తెలియట్లేదంటే హమ్మయ్య అనుకోలేను.