పారిపోయే కాళ్లకు విడుదల

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామమున మీకందరికీ వందనాలు. ఇక్కడ సాక్ష్యం చెప్పినవాళ్లలో చాలామంది తాగుడు నుంచో జబ్బు నుంచో విడుదల పొందినవాళ్లు. నాకున్న రోగానికి పేరు లేదు. ఎవరైనా నా మీద గొంతు పెంచితే చాలు, ఆ పని వదిలి పారిపోయేవాణ్ణి.

కోవూరులో టైలరు దగ్గర కాజాలు కుడుతుండగా ఒక పెళ్లికొడుకు చొక్కా బిగుతైందని అరిచాడు. మెడలో టేపు ఉండగానే బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదాను. పెళ్లికూతురి మేనమామ పాట మార్చమని గద్దించాడు, ఊరేగింపు ఒక వీధిలో, నేను ఇంకో వీధిలో. చిల్లకూరు దగ్గర హైవే హోటల్లో దోసెలు వేశాను, జువ్వలదిన్నె రేవులో చేపలకు ఐసు కొట్టాను, అన్నీ అట్లాగే ముగిశాయి. నా భార్య మార్తమ్మ పొద్దున అన్నం కట్టిస్తూ, "ఈసారి గిన్నెనన్నా ఆడ మర్చిపోకండి" అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఇద్దరు ఆడపిల్లలను పెట్టుకుని ఆమె చాటుగా ఎన్నిసార్లు ఏడ్చిందో నాకు తెలుసు.

చివరికి వయోజన విద్యా కేంద్రంలో పంతులు పని దొరికింది. రొయ్యల షెడ్డులో పొట్టు ఒలిచే ఆడవాళ్లు సాయంత్రాలు పలకలతో వచ్చేవాళ్లు. వాళ్లెవరూ నా మీద అరవరు కాబట్టి ఏడాది నిలిచాను. ఆ ఏడాదిలో కోటమ్మ అనే పెద్దామె పుస్తకం ముగించి, కంటికి కనిపించినదల్లా చదవడం మొదలుపెట్టింది. సబ్బు పెట్టె, బస్సు బోర్డు, చివరికి షెడ్డులో తాము నెలనెలా వేలిముద్ర వేసే కాగితం.

"సారూ, ఆ కాగితంలో ఆదివారం సెలవు మాకొద్దని మేమే రాసిచ్చినామంట. నేను చర్చికి పోయి మూడేండ్లయింది. రేపు మీరొచ్చి మేనేజరుతో మాట్లాడండి" అన్నది.

ఆ మేనేజరు గొంతు రోడ్డు దాకా వినబడుతుంది. పొద్దున్నే సంచి సర్దుకుని బస్టాపుకు పోయాను. షెడ్డు బస్సు ఆగేది కూడా అక్కడేనని భయంలో మరిచిపోయాను. నా దగ్గర చదువుకునే ఆడవాళ్లు పన్నెండుమంది నిలబడి ఉన్నారు.

"యాడికి సారూ, సంచితో?" అని కోటమ్మ అడిగింది.

"మీతోనే" అని నా నోరు అన్నది.

దారి పొడవునా ప్రార్థన చేశాను: "ప్రభువా, ఈ ఒక్కరోజు ఆయనకు జలుబు చేసి గొంతు పూడిపోనియ్యి." గేటు దగ్గరికి చేరేసరికి ఆయన ఆరోగ్యంగా ఉన్నాడు, సహోదరులారా, మామూలుకన్నా ఆరోగ్యంగా.

"ఎవురయ్యా నువ్వు?" అని గద్దించాడు. నిజం చెబుతున్నాను, నా కాళ్లు వెనక్కి తిరిగాయి. తిరిగితే ఎదురుగా ఆ పన్నెండు మొహాలు. అప్పుడు లోలోపల, "తండ్రీ, ఆయన గొంతు సంగతి వదిలెయ్యి, నన్ను ఐదు నిమిషాలు నిలబెట్టు" అన్నాను. నిలబెట్టాడు.

"వీళ్ల పంతుల్ని సార్. మీ కాగితం వీళ్లే చదువుతారు, వినండి."

కోటమ్మ కూడబలుక్కుంటూ చదివింది. ఆయన అరిచినప్పుడల్లా తడబడి మళ్లీ మొదటినుంచి ఎత్తుకునేది. మూడోసారికి ఆయన అరవడం మానేసి కుర్చీ తెప్పించుకున్నాడు.

ఆ రోజు మేనేజరు ఏమీ ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చి, "నేను సంఘం పెట్టాలి" అన్నాను. మార్తమ్మ బెదిరి పాస్టరు గారింటికి పరుగెత్తి, "మా ఆయన మీకు పోటీగా సంఘం పెడతాడంట, ప్రార్థన చెయ్యండయ్యా" అన్నదంట. పాస్టరు గారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అది షెడ్డు పనివాళ్ల సంఘమని తెలిశాక ప్రారంభ ప్రార్థన ఆయనే చేశారు. రెండు నెలలు అందరం కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగితే ఆదివారం సెలవు వచ్చింది.

దేవునికే మహిమ, ఇందులో నా ధైర్యమేమీ లేదు. ఇప్పటికీ ఎవరైనా అరిస్తే నా కళ్లు బస్టాపు వైపే పోతాయి. మీలో ఎవరైనా భయంలో ఉంటే, అది పోయాక ప్రార్థిద్దామని ఆగకండి. వణుకుతూనే అడగండి, ఆయన వింటాడు.

ఇప్పుడు నేటి వాక్యం కోటమ్మ గారు చదువుతారు. కాస్త నిదానంగా చదువుతారు. ఈ రోజు ఆదివారం, మనకెవరికీ తొందర లేదు.